కినత్తుకడవు దారిలో నాయుళ్లూ సుజుకీలూ

కోయంబత్తూరు ఉక్కడం స్టాండులో పొల్లాచ్చి బస్సెక్కితే సుందరాపురం దాటేదాకా నడక వేగమే. కురిచ్చి పారిశ్రామిక వాడ నుంచి వచ్చే లారీలు, ఈచనారి వినాయకుడి గుడికి మళ్లే ఆటోలు, కాలేజీ బస్సులు అన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే. ఆ మధ్యాహ్నం బస్సుకు ముందు ఒక తెల్ల మారుతి కారు ఇరుక్కుపోయి ఉంది. దాని వెనక డిక్కీ మీద ‘సుజుకీ’ అని లోహపు అక్షరాలు. ఎడమ పక్కన పంపుసెట్ల దుకాణం బోర్డు మీద, ఎండకు వెలిసిన తమిళ అక్షరాల్లో ఎవరో పెద్దాయన పేరు, చివర ‘నాయుడు’. కిటికీ పక్కన కూర్చున్న యాత్రికుడికి రెండూ ఒకే చూపులో కనిపించాయి. గుంటూరు నుంచి తెలుగు ఊళ్లు చూడాలని వచ్చిన మనిషికి అంతకన్నా మంచి శకునం ఉండదు.

సుజుకీ అనేది జపాన్‌లో ఒక ఇంటిపేరు. నాయుడు తెలుగువాడికి ఇంటిపేరు కాదు. అయినా డర్బన్ నుంచి లండన్ దాకా రిజిస్టర్లలో అది ఇంటిపేరుగానే ఎక్కింది. కినత్తుకడవు చేరడానికి ఇంకా ఇరవై కిలోమీటర్లుంది. ఈ చిక్కుముడి గురించి ఆలోచించుకోవడానికి ఆ దూరం సరిపోతుంది.

ముందు సుజుకీ సంగతి. జపాన్‌లో సాటో తరవాత అంత ఎక్కువగా వినిపించే ఇంటిపేరు ఇదే. సుమారు 18 లక్షల మందికి ఉంది. రాతలో దానికి గంట, చెట్టు అనే రెండు గుర్తులు వాడతారు. పుట్టిల్లు మాత్రం పొలమేనని చెబుతారు. కోత అయ్యాక వరి పనలను పొలంలో పోగుగా పేర్చి పెట్టే కుప్పకు కుమానో ప్రాంతంలో ఉన్న మాట నుంచి ఈ పేరు వచ్చిందట. కుమానో దేవతల భక్తిని ఊరూరా మోసుకెళ్లిన కుటుంబాలతో పాటు అదీ దేశమంతా పాకింది. అయినా మామూలు రైతుకూ కూలికీ అధికారికంగా ఇంటిపేరు పెట్టుకునే హక్కు ఎంతోకాలం లేదు. 1870లో ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 1875లో తప్పనిసరి చేసింది. పన్నులకూ సైన్యానికీ జనాన్ని లెక్కపెట్టాలంటే ప్రతి మనిషికీ ఒక పేరు, ఆ పేరుకు ముందు ఒక ఇల్లు కావాలి. దాంతో రక్తసంబంధం ఏమీ లేని లక్షల మంది ఒకే పేరు కింద చేరారు.

ఆ గుంపులో ఎవరెవరున్నారో చూస్తే ముచ్చటేస్తుంది. జెన్ బౌద్ధాన్ని ఇంగ్లిష్‌లో ప్రపంచానికి విప్పి చెప్పిన డి.టి. సుజుకీ 1870లో పుట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెన్ కేంద్రం పెట్టిన షున్‌ర్యూ సుజుకీ ఇంకో మనిషి. ఇద్దరినీ ఒకరనుకునే పాఠకులు ఇప్పటికీ ఉన్నారు. మాతృభాష నేర్చినట్టే పిల్లలు సంగీతం నేర్వగలరని నమ్మి వయొలిన్ పాఠాల పద్ధతి తయారుచేసినవాడు షినిచి సుజుకీ. 2010లో రసాయన శాస్త్రంలో నోబెల్ పంచుకున్న అకిరా సుజుకీ కనిపెట్టిన చర్య లోసార్టాన్ వంటి బీపీ మందుల తయారీలో పనికొచ్చింది. ఇక బేస్‌బాల్ ఆటగాడు ఇచిరో. 1994లో జపాన్‌లోని అతని జట్టు మేనేజరు చొక్కా వెనక సుజుకీ తీసేసి ఇచిరో అని రాయించాడు. సుజుకీలు మరీ ఎక్కువ, ప్రేక్షకులకు ఏ సుజుకీయో తెలియాలి కదా అని. అమెరికా వెళ్లాక కూడా అతని వీపు మీద ఇచిరో అనే ఉంది. ఇంటిపేరు మరీ నలిగిపోతే సొంత పేరుకు విలువొస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి.

బస్సు ముందున్న కారు మీది సుజుకీ వీళ్లెవరూ కాదు. అతను మిచియో సుజుకీ. హమమత్సు అనే ఊళ్లో పత్తి పండించే ఇంట పుట్టి, 1909లో మగ్గాల కార్ఖానా పెట్టాడు. బట్ట నేసే యంత్రాల నుంచి కార్లకు మళ్లడానికి ఆ సంస్థకు 1955 దాకా పట్టింది. భారతదేశానికి ఆ కారును తెచ్చిన ఒసాము సుజుకీ పుట్టుకతో సుజుకీ కాదు, మత్సుదా. సుజుకీ ఇంటి అమ్మాయిని చేసుకుని, ఆ ఇంటి పేరు తీసుకుని, 1978లో సంస్థ పగ్గాలు పట్టాడు. మనవాళ్ల మాటల్లో చెప్పాలంటే ఇల్లరికపు అల్లుడు. తెలుగు ఇళ్లలో ఇల్లరికం వెళ్లినవాడికి అత్తవారి అన్నం దక్కుతుంది గానీ వారి ఇంటిపేరు దక్కదు. జపాన్‌లో పేరే ముందు దక్కుతుంది, కార్ఖానా దాని వెనక వస్తుంది. 2024 డిసెంబరులో ఒసాము చనిపోయాక మరుసటి నెల భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది, మత్సుదాకు కాదు, సుజుకీకి.

మలుమిచ్చంపట్టి దాటాక రోడ్డు విప్పారుతుంది. ఒత్తక్కాల్‌మండపం దాటితే కొబ్బరి తోటలు మొదలు. పాలక్కాడు కనుమ నుంచి వచ్చే గాలి కిటికీలోంచి మొహాన కొడుతుంది. ఈ దారిలో బస్సు ప్రయాణానికి ఒక పాత కథ ఉంది, అదీ ఒక నాయుడిదే.

కోయంబత్తూరుకు తూర్పున కలంగల్ అనే ఊళ్లో 1893 మార్చి 23న పుట్టిన దొరైస్వామికి బడి ఒంటబట్టలేదు. ఒకరోజు తెల్లదొర ఒకడు మోటారు సైకిల్ మీద ఊళ్లోకి వచ్చాడు. ఎడ్లు లేకుండా కదిలే ఆ బండిని చూశాక కుర్రవాడికి నిద్ర పట్టలేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా కుదిరి, ఏళ్ల తరబడి కూడబెట్టి, ఆ బండే కొన్నాడు. కొన్నది తిరగడానికి కాదు. దాన్ని ఊడదీసి, మళ్లీ బిగించి చూశాడు. 1920లో వ్యాపారి స్టేన్స్ దొర చేసిన సాయంతో ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుంచి పళనికి తానే నడిపాడు. మురుగన్ కొండకు వెళ్లే యాత్రికులే ఆయన మొదటి ప్రయాణికులు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. ఆయన పేరు జి.డి. నాయుడు. చెన్నైలోనూ కోయంబత్తూరులోనూ ఆయన్ను భారతదేశపు ఎడిసన్ అంటారు. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి కోయంబత్తూరు పీలమేడులో తయారుచేసిన విద్యుత్ మోటారు, దేశంలో తయారైన మొదటి మోటార్లలో ఒకటి. గడ్డం గీసుకునే బ్యాటరీ రేజరు, పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, ఇలా చేతికందిన ప్రతిదాన్నీ విప్పి కొత్తగా బిగించిన మనిషి. ఇంజినీరును తయారుచేయడానికి అన్నేళ్ల చదువెందుకని ప్రభుత్వంతోనే పేచీ పెట్టుకున్నాడు. 1974 జనవరి 4న పోయాడు. కోయంబత్తూరులో కారు మ్యూజియం పేరు ‘జీడీ’. ఇనిషియల్ రెండక్షరాలే ఇప్పుడు పేరుగా నిలిచాయి.

ఆ రెండక్షరాల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే తెలుగు పేరు అక్కడే దారి మళ్లింది. ఆంధ్రలో ఎన్. చంద్రబాబు నాయుడిలో ఎన్ అంటే నారా, అదే ఇంటిపేరు. ఎం. వెంకయ్య నాయుడిలో ఎం అంటే ముప్పవరపు. క్రికెటర్ సి.కె. నాయుడిలో సి అంటే కొట్టారి, కె అంటే కనకయ్య. కోవైలో, అంటే కోయంబత్తూరులో, ఈ తాళంచెవి పనిచేయదు. జి.డి. నాయుడిలో జి అంటే తండ్రి గోపాలస్వామి, డి అంటే దొరైస్వామి. పి.ఎస్.జి. అంటే పీలమేడు సామనాయుడు గోవిందస్వామి: మొదటిది ఊరు, రెండోది తండ్రి, మూడోది తాను. తమిళ దేశపు పద్ధతిలో తండ్రి పేరు ముందుకొచ్చి నిలబడింది. ఇంటిపేరు ఇంట్లోనే ఉండిపోయింది. నాయుడు మాత్రం చివర జేరి బయటికి కనిపించేదైంది.

ఆ పి.ఎస్.జి. కథ కోయంబత్తూరులో ఎవరిని అడిగినా చెబుతారు. పీలమేడు నాయుళ్లు పత్తి రైతులు. పత్తి అమ్మడం నుంచి జిన్నింగు, జిన్నింగు నుంచి నూలు మిల్లు. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు 1926లో ఆస్తి పంచుకున్నప్పుడు నాలుగు వాటాలు కాదు, ఐదు వేశారు. ఐదోది ధర్మానికి. ఆ ఐదో వాటాయే పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్. ఈ రోజున కోయంబత్తూరులో ఆసుపత్రిగా, కళాశాలలుగా, ఇంజినీరింగ్ విద్యాసంస్థగా నిలబడి ఉన్నది అదే. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు పెట్టిన లక్ష్మీ మిల్సు, ఆయన పేరున 1952లో వెలసిన ఆసుపత్రి, 1962లో మొదలై మిల్లులకు స్పిన్నింగు యంత్రాలు అందించిన లక్ష్మీ మెషీన్ వర్క్స్, అన్నీ అదే పత్తి చేలోంచి మొలిచాయి. హమమత్సులో పత్తి మగ్గానికి, మగ్గం కారుకు దారి తీసింది. పీలమేడులో పత్తి మిల్లుకు, మిల్లు మోటారుకు, మోటారు పంపుకు దారి తీసింది. రెండు ఊళ్లకూ ఒకదానితో ఒకదానికి పరిచయం లేకుండానే ఒకే రకం బుద్ధి పుట్టింది.

బస్సు ఎత్తు వంతెన కిందకి దిగి కినత్తుకడవులో ఆగింది. పేరు తమిళం. కిణఱు అంటే బావి, కడవు అంటే దాటే చోటు. పోదనూరు నుంచి పొల్లాచ్చికి 1915లో వేసిన రైలు దారి ఊరి అంచున పోతుంది. ఊరి మధ్య చిన్న రాతి గుట్ట, దాని మీద వేలాయుధస్వామి గుడి. పొన్మలై అంటారు, బంగారు కొండ. పైకెక్కి చూస్తే కొబ్బరి తలలు, ఎర్ర నేల, టమాటా మళ్లు. దూరాన పడమటి కనుమల నీలి గీత. నైరుతి వాన ఆ కొండలను తడిపి ఇటు గాలిగానే వస్తుంది. అందుకే ఇక్కడ వ్యవసాయం అంటే బావి. బావులు లోతు. ఎడ్లు వెనక్కి ముందుకి నడిచి మోట లాగిన కాలం నుంచి కోవై పంపు దాకా ఈ ఊరి బతుకంతా ఆ లోతు మీదే ఆధారపడింది. 1932లో నీలగిరిలోని పైకారా జలవిద్యుత్ మొదలయ్యాకే పీలమేడు మిల్లులూ ఈ మెట్ట బావులూ ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నాయి.

టీకొట్టు బల్ల మీద ఒక పెద్దాయన. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. టమాటా పెట్టెల ధర గురించి తమిళంలో మాట్లాడుతున్నవాడు, పక్కనే యాత్రికుడు ఫోనులో తెలుగు మాట్లాడటం విని ఆగిపోయాడు. తిరిగి చూసి తెలుగులో అడిగాడు:

“మీరు మనవాళ్లేనా?”

మనవాళ్లు. తమిళనాట తెలుగు ఇళ్లలో ఈ మాటకు ఉన్న బరువు ఆంధ్రలో లేదు. బజార్లో, బస్సులో, ఆసుపత్రి వరసలో ఎక్కడ వినిపించినా అది చెయ్యి పట్టుకున్నట్టే. గుంటూరు అని తెలిశాక పెద్దాయన రెండో ప్రశ్న వేశాడు, “ఇంటిపేరేమి?” యాత్రికుడు ఒక ఇంగ్లిష్ అక్షరం చెప్పబోయాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. “ఇనిషియల్ కాదు. ఇంటిపేరు.”

యాత్రికుడు చెప్పాక పెద్దాయన తన ఇంటిపేరూ చెప్పాడు, మెల్లగా, కాస్త గొంతు తగ్గించి. రేషను కార్డులో అది లేదు. ఆధార్‌లో లేదు. పాస్‌బుక్కులో లేదు. పెళ్లి మాటలప్పుడు మాత్రం బయటికి తీస్తారు. రెండు ఇళ్ల పేర్లు ఒకటైతే అన్నదమ్ముల వరస, సంబంధం కలవదు. సుజుకీ అబ్బాయి ఇంకో సుజుకీ అమ్మాయిని చేసుకుంటే జపాన్‌లో ఎవరూ కాదనరు. ఇక్కడ నాయుడు నాయుడినే చేసుకుంటాడు, ఒకే ఇంటిపేరువాళ్లను మాత్రం చేసుకోడు. ఏది నిజమైన ఇంటిపేరో తేల్చడానికి ఇంతకన్నా సూటి పరీక్ష లేదు.

చొక్కా జేబులో మనవడి శుభలేఖ ఉంది. బయటికి తీసి చూపించాడు. అంతా తమిళ లిపి. తాత పేరు చివర నాయుడు ఉంది. తండ్రి పేరుకు లేదు, ముందు ఒక ఇనిషియల్ మాత్రమే. వరుడి పేరుకు తండ్రి పేరులోని మొదటి అక్షరం, వెనక డిగ్రీ. మూడు తరాలు ఒకే కాగితం మీద ఉన్నాయి. మధ్యలో నాయుడు ఎక్కడ ఆగిపోయిందో వేలు పెట్టి చూపించవచ్చు.

అది వాళ్ల ఇంట్లో మాత్రమే ఆగలేదు. ఈరోడ్‌లో కన్నడం మాట్లాడే బలిజ కుటుంబంలో పుట్టిన ఇ.వి. రామస్వామి నాయకర్, అదే పెరియార్, తన పేరు చివరి నాయకర్‌ను వదిలేశాడు. 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభ కులాన్ని చెప్పే తోకలన్నీ తీసేయాలని తీర్మానించింది. అంతకు కొద్ది ఏళ్ల ముందు దాకా తమిళనాడు కాంగ్రెసును జనం ముగ్గురి తోకలతోనే గుర్తుపట్టేవారు: నాయుడు, నాయకర్, ముదలియార్. అంటే వరదరాజులు నాయుడు, పెరియార్, తిరు.వి.క. ఆ ముగ్గురి కాలం అయిపోయాక పుట్టిన తరాలు ఒట్టి ఇనిషియల్‌తో పెరిగాయి. తమిళనాడు చేసిన మంచి పనుల్లో ఇదొకటి అని ఈ రచయిత గట్టి నమ్మకం. ఎవరి పేరైనా వినగానే కులం తెలిసిపోవడం ఎంత భారమో ఆంధ్రలో బడి మెట్లు ఎక్కిన ప్రతి పిల్లవాడికీ తెలుసు.

అయినా పేరు అంత తేలిగ్గా తెగదు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద ఉప్పిలిపాళయం నుంచి గోల్డ్‌విన్స్ దాకా 10.1 కిలోమీటర్ల ఎత్తు వంతెన తెరిచి, దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు. సరిగ్గా అదే సమయంలో వీధులకూ వాడలకూ ఉన్న కుల పేర్లు తీసేయాలని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. వంతెన మీది నాయుడు మనిషి పేరా, కులం పేరా అని వాదన లేచింది. తీసేస్తే మిగిలేది జి.డి., ఎవరికీ ఏమీ చెప్పని రెండక్షరాలు. ఉంచితే ఉత్తర్వు మాటేమిటి? ఒక మనిషి పనంతా ఒక కులపు తోకకు అతుక్కుపోయి, దాన్ని విడదీయలేకపోవడం ఒక పెద్ద నగరం నడిబొడ్డున ఇంత స్పష్టంగా బయటపడటం అరుదు.

అసలు ఆ మాట కులంగా పుట్టలేదు. నాయక అంటే నడిపించేవాడు. విజయనగరం రోజుల్లో అది కొలువులోని పదవి. 1529లో మదురలో విశ్వనాథ నాయకుడి ఏలుబడి మొదలైంది. పాండ్య దేశాన్ని 72 పాళెయాలుగా విడగొట్టి ఒక్కొక్కరికి అప్పగించారు. ఆ దళాల వెంట, ఆ పాళెగాళ్ల వెంట కమ్మవాళ్లు, బలిజలు, రెడ్లు, కంబళత్తార్లు, దేవాంగులు దక్షిణానికి దిగారు. నల్లరేగడి దొరికినచోట పత్తి వేసి కుదురుకున్నారు. తమిళులు వీళ్లను వడుగులు, ఉత్తరాదివాళ్లు అన్నారు. పొల్లాచ్చి దగ్గర వడుగపాళయం అనే ఊరి పేరులో ఆ పిలుపు ఇంకా ఉంది. 1623 నుంచి 1659 దాకా ఏలిన తిరుమల నాయకుడి మహలు మదురలో చూసినవారికి నాయకుడు అనే మాట ఎంత ఎత్తు నుంచి మొదలైందో అర్థమవుతుంది. అదే మాట నోటి వాడుకలో అరిగి నాయుడు అయింది, పల్లె రైతు పేరు చివరికి వచ్చి చేరింది. ఒకే కులానిదీ కాదు. కోవైలో, చిత్తూరులో కమ్మవారికి, ఉత్తరాంధ్రలో కాపులకూ వెలమలకూ, చాలాచోట్ల బలిజలకు అదే తోక.

ఆ మాట చివరి ‘డు’ను గమనించారా? రాముడు, కృష్ణుడు, నాయుడు. అది తెలుగులో మగవాణ్ణి చెప్పే ప్రత్యయం. ఆడవారికి నాయకురాలు ఉంది. పల్నాటి నాగమ్మను తెలుగువాళ్లు అలాగే పిలిచారు. మరి హైదరాబాదులో బెంగాలీ చటోపాధ్యాయ ఇంట 1879లో పుట్టి, 1898లో డాక్టర్ గోవిందరాజులు నాయుణ్ణి పెళ్లాడిన సరోజిని పేరు చివర ఆ ‘డు’ ఎలా చేరింది? ఇంగ్లిష్ పద్ధతిలో భర్త పేరు భార్యకు వచ్చింది, వ్యాకరణం పక్కకు తప్పుకుంది. కూతురు పద్మజ బెంగాల్ గవర్నరుగా ఆ పేరే మోసింది. మదనపల్లెకు చెందిన భౌతిక శాస్త్రవేత్త రామయ్య నాయుడికీ ఫ్రెంచి తల్లికీ పుట్టిన నటి లీలా నాయుడు సినిమా తెర మీద అదే పేరుతో వెలిగింది. ఆ పేరు చాలామంది భారతీయులకు మొదట వినిపించినది సరోజిని నుంచే కావచ్చు, అదీ తెలుగు కాని స్త్రీ నుంచి. ఒసాము మత్సుదా సుజుకీ అయినట్టే సరోజినీ చటోపాధ్యాయ నాయుడు అయింది. ఇద్దరూ పెళ్లితో వచ్చిన పేరును పుట్టుకతో ఉన్నవాళ్ల కన్నా దూరం తీసుకెళ్లారు.

మైదానంలో ఆ పేరు మోసినవాడు సి.కె. నాయుడు. నాగపూరులో పుట్టినా కుటుంబం మచిలీపట్నానిది. 1926లో బొంబాయిలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు మీద 153 పరుగులు, అందులో 11 సిక్సర్లు కొట్టాక మనవాళ్లూ ఆడగలరని దేశమంతా నమ్మింది. 1932లో లార్డ్స్‌లో భారతదేశపు మొదటి టెస్టుకు ఆయనే కెప్టెను. తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య నాయుడూ మచిలీపట్నంవాడే. మద్రాసు క్రికెట్‌కు బుచ్చిబాబు నాయుడు దిక్కు. 

సముద్రం దాటాక మాత్రం పేరు గట్టిపడింది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ కూలీలను తీసుకుని డర్బన్ చేరింది. తరవాత అర్ధ శతాబ్దం ఓడలు అలా పోతూనే ఉన్నాయి. కాలక్రమంలో అక్కడి రికార్డుల్లో పేరు చివరి మాటే ఇంటిపేరుగా నిలిచింది. ఇంగ్లిష్‌లో చివర రెండు ‘ఓ’లు పడ్డాయి. అలా నాయుడు నైడూ అయింది. మారిషస్‌లో పుట్టి ట్రాన్స్‌వాల్‌లో గాంధీ పక్కన సత్యాగ్రహంలో నిలిచిన తంబి నాయుడి మనవడు ఇంద్రెస్ రాబెన్ ద్వీపంలో పదేళ్లు జైల్లో గడిపాడు. 1985లో దక్షిణాఫ్రికా కార్మిక సమాఖ్య కొసాటుకు మొదటి ప్రధాన కార్యదర్శి జే నైడూ, తరవాత మండేలా ప్రభుత్వంలో మంత్రి. గ్రీన్‌పీస్‌ను నడిపిన కుమి నైడూ ఇంకొకరు. అక్కడ కులం ఆరిపోయి, ఆ మాట నిజంగానే సుజుకీ లాంటి ఇంటిపేరైంది. జపాన్‌లో 1875లో ప్రభుత్వం చేసిన పనిని, డర్బన్‌లో రికార్డులు రాసిన కలాలు చేశాయి.

ఇంకొక విషయం చెప్పకుండా ఈ ఊరు దాటలేం. కినత్తుకడవు చుట్టుపక్కల, పొల్లాచ్చి దాకా, తెలుగు మాట్లాడేవాళ్లలో పెద్ద భాగం నాయుళ్లు కారు. అరుంధతియర్లు. తోలు పని, పొలం కూలి, ఊరి శుభ్రం వీళ్ల చేతుల మీద నడిచింది. వందల ఏళ్లుగా ఇంట్లో తెలుగే. అదే తెలుగు మాట్లాడినా ‘మనవాళ్లేనా?’ అన్న ప్రశ్న వాళ్ల వాకిలి దాకా వెళ్లలేదు. వాళ్ల పేర్ల చివర చేర్చుకోవడానికి గౌరవం ఇచ్చే తోక ఏదీ రాలేదు. 2009లో తమిళనాడు ప్రభుత్వం దళితుల కోటాలోంచి 3 శాతం వాళ్లకు వేరు చేశాక మొదటి తరం ఇంజినీర్లు, డాక్టర్లు తయారవుతున్నారు. నాయుడు అనే మాట నాయకుడికి పుట్టినదైతే, ఈ పల్లెల్లో ఎవరు ఎవర్ని నడిపించారనేది వాళ్లు చెప్పాల్సిన కథ. అది వాళ్లు రాసుకోవాలి, మనం చదవాలి.

పెద్దాయన మాత్రం ఇంకో నాయుడి కథ తీశాడు. కోయంబత్తూరు వైయంపాళయానికి చెందిన నారాయణస్వామి నాయుడు. మిల్లూ లేదు, మోటారు కంపెనీ లేదు. రైతు. పంపుసెట్ల కరెంటు రేటు పెంచినప్పుడు 1970ల మొదట్లో రైతులను కూడగట్టి నిలబడ్డాడు. 1972లో వేల ఎడ్లబండ్లను నగరంలోకి తోలించి రోడ్లన్నీ నింపేశాడు. పైసల లెక్కే అది, యూనిట్‌కు పైసల్లో. కానీ ఇంత లోతు బావుల మీద బతికే చోట ఆ పైసలే పంట. 1984లో కోవిల్పట్టిలో పోయాడు. ఆయన వెంట బండి తోలిన రైతులకు ఆయన పేరు చివరి నాయుడు ఎప్పుడూ కులంగా వినపడలేదు. నడిపినవాడు అన్న పాత అర్థంలోనే వినబడింది.

సాయంత్రం ఐదింటికి టమాటా పెట్టెలు లారీకెక్కాయి. గాలి చల్లబడింది. పొల్లాచ్చి వైపు నుంచి కోయంబత్తూరు బస్సు హారను వినిపిస్తోంది. పెద్దాయన లేచి మళ్లీ కూర్చున్నాడు. శుభలేఖ వెనక పక్క తిప్పి యాత్రికుడి చేతికిచ్చాడు. తెలుగు మాట్లాడటం వచ్చు గానీ అక్షరం ఒక్కటీ చూడలేదట, నాన్న కూడా చూడలేదట. “మా ఇంటిపేరు తెలుగులో ఎట్లుంటాదో రాసి చూపించండి.”

యాత్రికుడు పెన్నుతో పెద్దగా రాశాడు. పెద్దాయన కళ్లద్దాలు సరిచేసుకుని, వేలితో ఆ గుండ్రటి గీతలను ఒక్కొక్కటీ తడిమాడు. తరవాత పక్కనే నాయుడు అని కూడా రాయమన్నాడు. తమిళంలో ‘టు’కీ ‘డు’కీ ఒకే అక్షరం, చదివేవాడే తెలుసుకోవాలి. తెలుగులో డకారం వేరుగా, కొమ్ముతో కనబడేసరికి ఆయన దాని మీదే వేలు ఆపాడు.

“ఇదే డునా?”

అవునన్నాడు యాత్రికుడు. పెద్దాయన రెండు పేర్లనూ ఇంకోసారి చూసుకుని, మొదటిది పైకి కనబడేట్టు మడిచి, జేబులో పెట్టుకున్నాడు. బస్సు వచ్చి ఆగింది. దాని వెనక ఇంకో తెల్ల కారు.